తొలి తెలుగు టాకీలోని స్త్రీకంఠము



పాతాళభైరవి చిత్రమును చూడనివారు మన ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములలో అరుదుగా నుందురు. 1951 వ సంవత్సరము మార్చి నెలలో వెలువడిన ఆ చిత్రము తరువాత ఎన్ని పర్యాయములు మన యూళ్ల డేరాలకు తిరిగి వచ్చెనో లెక్క లేదు. అందలి నేపాళ మాంత్రికుని గూర్చి యడిగినచో చిన్న పిల్లవాడైనను ఆ గొంతు ననుకరించి చూపును. తోటరాముని గూర్చి యడుగ నక్కరయే లేదు. అయితే ఆ తోటరామునికి ఒక తల్లి కలదు. కొడుకు సాహసములకు బెదరుచు, వాని క్షేమమునకై దేవుళ్లకు మ్రొక్కుకొను పేదతల్లి. ఆ వేషము వేసిన యామె యెవరని నేను మొన్న మా వీథియరుగు మీద కూర్చున్న పెద్దలను అడిగితిని. మాంత్రికుని పేరు చెప్పినవారు, రాకుమారి పేరు చెప్పినవారు కలరు గాని, తల్లి పేరు చెప్పగలిగినవారు ఒక్కరును లేకపోయిరి.

ఆమె పేరు సురభి కమలాబాయి. తెలుగున మాటలాడిన మొట్టమొదటి చిత్రమునకు ఆమెయే నాయిక. వెండితెర మీదనుండి తెలుగుమాట పలికిన తొలి నాయికకంఠము ఆమెది. ఆమె జీవితమును గూర్చి నేడు మీకు నాలుగు మాటలు చెప్పెదను. ఆ కథలో మన పాత బళ్లారి జిల్లాకును కొంత పాలు కలదు. దూరదేశమైన జపానునుండి ఒక పోలికయు తెచ్చి చూపవలసియున్నది.

మొదట మా యింటి సంగతి యొకటి చెప్పి ముందుకు పోయెదను. మా అవ్వది ఎమ్మిగనూరు. మగ్గముల చప్పుడు నడుమ పుట్టి, ఆ చప్పుడు నడుమనే పెరిగినది. నీలకంఠేశ్వరుని జాతరకు వచ్చిన నాటకమునెల్ల తెల్లవారువరకు కదలక చూచెడిది. పద్యము నచ్చెనేని మరల పాడుమని కేకవేయువారిలో ఆమెయు నొకతె. పాతాళభైరవి ఆదవానికి మరల వచ్చినప్పుడు మమ్ముల నందరిని బండి కట్టించుకొని తీసికొనిపోయినది. తల్లి కంట నీరు పెట్టినప్పుడు తానును కొంగుతో కన్నులు తుడుచుకొన్నది. మా తాత మాత్రము నిబ్బరముగా, "ఆయమ్మ ఎవరనుకున్నావు? ప్రహ్లాదుని తల్లి. టాకీ కొత్తగా వచ్చినప్పుడు బళ్లారిలో చూసినా నేను" అనెను. అవ్వ నమ్మలేదు. "ఆ లీలావతి చక్కని పడుచు అని నువ్వే చెప్తివి కదా. ఈమె ముసలామె" అని వాదించినది.

మరునాటి సాయంకాలము మా చిన్నమ్మ, అప్పటికి పదునైదేండ్ల పిల్ల, వాకిట నీళ్లు చల్లుచు రాత్రి విన్న పాట నెత్తుకొన్నది. ఆ కన్నీరు పెట్టిన అవ్వయే వీథి తలుపు వెనుకనుండి, "ఏందే ఆ రాగాలు వాకిట్లో? నాటకాలోళ్ల మాదిరి! నలుగురు విన్నారంటే నీకు సంబంధం వచ్చేదుందా?" అని గద్దించినది. పాట అంతటితో ఆగిపోయెను. మా చిన్నమ్మ తరువాత పెద్దగొంతుతో పాడగా నేను వినలేదు. అవ్వను తప్పు పట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆ కాలమున ఏ యింట చూచినను అంతే. కమలాబాయి యెట్టి గాలికి ఎదురు నడచినదో తెలియుటకు మాత్రమే చెప్పితిని.

ఇక సురభి సంగతి. సురభి యనునది కడప జిల్లాలోని ఒక చిన్న గ్రామము. వనారసవారను కుటుంబము పూర్వము మహారాష్ట్రదేశమునుండి దిగివచ్చి, తోలుబొమ్మలాడించుచు ఊరూరు తిరిగి జీవించెడివారు. తోలుబొమ్మలాట మీకు తెలియనిది గాదు. తెర వెనుక దీపము పెట్టి, బొమ్మ నాడించుచు, దాని కొరకు మాటయు పాటయు తామే పలుకవలెను. ఆ కుటుంబములలోని స్త్రీలు సీతకును మండోదరికిని గొంతు నిచ్చుచు తెర వెనుకనే ఎదిగిరి. 1885 వ సంవత్సరమున వనారస గోవిందరావుగారు బొమ్మలను ప్రక్కన బెట్టి మనుష్యులచేతనే 'కీచకవధ' నాటకమును సురభి గ్రామమున ఆడించెను. ఆ నాడు మొదలైన సమాజము, కుటుంబము పెరిగినకొలది శాఖలై, సురభి నాటక సమాజములను పేర దేశమంతట వ్యాపించెను. తల్లి, తండ్రి, కొడుకు, కోడలు, చంకలోని బిడ్డ, అందరును నటులే. డేరాయే ఇల్లు. తెరలును కిరీటములును ఆస్తి.

అప్పటి నాటకసమాజములలో స్త్రీ వేషములను పురుషులే ధరించెడివారు. గౌరవము గల యింటి స్త్రీ రంగమెక్కుట కూడదని పెద్దల యభిప్రాయము. ఈ పద్ధతివలన గొప్ప నటులు పుట్టలేదని నేననను. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచినవారు ఆయన నడకను నిజమైన స్త్రీలు నేర్చుకొనవలెనని చెప్పుకొనెడివారు. 1956 లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చినది. ఆ కళ ఆ కళయే. కాని సురభివారు ఈ కట్టుబాటును లక్ష్యపెట్టలేదు. స్త్రీ వేషమును స్త్రీయే వేయవలెనని వారు సభలు పెట్టి తీర్మానములు చేసినవారు గారు. కుటుంబమంతయు పనిచేసిన గాని కడుపు నిండదు గనుక స్త్రీలును రంగమెక్కిరి. పెద్ద సంస్కర్తలు వాదించి సాధింపవలసినదానిని బ్రదుకుతెరువే సులువుగా సాధించెను. ఇట్టివి చరిత్రలో తరచుగా జరుగుచుండును.

అట్టి కుటుంబములో 1908 ప్రాంతమున కమలాబాయి పుట్టెను. తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకూబాయి. ఆమె పుట్టుకను గూర్చి సురభివారు చెప్పుకొను వృత్తాంతమొకటి కలదు. నిండు గర్భిణియైన వెంకూబాయి దమయంతి వేషము వేసి రంగము మీద నుండగా నొప్పులు మొదలయ్యెనట. అడవిలో విలపించు దమయంతి గదా, ప్రేక్షకులు అదియును నటనయే యనుకొని మెచ్చుకొనిరట. ఆ రంగస్థలము మీదనే బిడ్డ పుట్టెను. సంగతి తెలిసిన తరువాత జనులు పట్టరాని సంతోషముతో బిడ్డకు కానుకలిచ్చిరని చెప్పుదురు. ఇందు కొంత పెంపు ఉండవచ్చును. డేరాలో కాపురముండి, నెలలు నిండినను రాత్రి యాటకు ముఖమునకు రంగు పూసికొనక తప్పని తల్లుల బ్రదుకు మాత్రము ఇందు ఉన్నదున్నట్లు కనబడుచున్నది.

కమలాబాయి పసితనమున కృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితుడు మొదలగు బాలవేషములు వేసినది. ఈడు వచ్చిన తరువాత నాయికవేషములకు మారినది. చదువు బడిలో గాక పద్యములలో సాగినది. ప్రహ్లాదుడుగా పద్యములు పాడిన పిల్ల తరువాతి కాలమున ప్రహ్లాదుని తల్లియై తెర మీద కనబడవలసియుండెను.

ఇక్కడ మన పాత బళ్లారి జిల్లాను గూర్చి చెప్పవలెను. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఆదవాని బళ్లారి జిల్లాలోనిది. కచేరీ పనికైనను నాటకమునకైనను మనవారు బళ్లారికే పోయెడివారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో వకీలు. సరసవినోదిని సభను స్థాపించి, స్వయముగా నాటకములు వ్రాసి, తామే నటించి, రాయలసీమకు నాటకముల పిచ్చి యెక్కించినవారాయన. ఆయన మేనల్లుడే మన బళ్లారి రాఘవ. ఆచార్యులవారి నాటకములలో 'భక్త ప్రహ్లాద' యొకటి. దానిని సురభివారు ఊరూర ఆడిరి. ఆ నాటకమే తెలుగున తొలి టాకీకి కథయయ్యెను. ఆచార్యులవారు 1912 లోనే గతించిరి గనుక తమ మాటలు యంత్రమునుండి వినబడుట వారు చూడలేదు.

1931 మార్చి 14 న బొంబాయిలో 'ఆలం ఆరా' యను హిందీ చిత్రము విడుదలయ్యెను. మన దేశమున మాటలాడిన మొదటి చిత్రమది. దానిని తీసినవారు అర్దేశిర్ ఇరానీ. అంతవరకు తెర మీది బొమ్మలు మూగవి. మన డేరాలలో ఎవరో యొకరు తెర ప్రక్కన నిలిచి కథ చెప్పవలసివచ్చెడిది. చిత్రమునకు మాట వచ్చుటతో ఏ భాషవారు ఆ భాషలో వినగోరిరి. ఇరానీగారి సంస్థవారు దక్షిణదేశపు భాషలలో చిత్రములు తీయ నిశ్చయించి, హెచ్. ఎం. రెడ్డిగారికి ఆ పని యప్పగించిరి. అదే సంవత్సరము అక్టోబరు నెలలో 'కాళిదాసు' వచ్చెను. అందు తమిళముతోపాటు తెలుగుపాటలును వినబడెను. తరువాత పూర్తిగ తెలుగులో తీసినది 'భక్త ప్రహ్లాద'.

మాటలాడి, పాడి, ముఖమున భావము చూపగల తెలుగు స్త్రీ యెవరు? మూగచిత్రములలో ముఖసౌందర్యముతో గడచెను. మాట వచ్చిన చిత్రమున అది చాలదు. పురుషుడు చీర కట్టిన ఒప్పుకొనుటకు ఇది నాటకరంగము గాదు. రంగమునుండి ప్రేక్షకుడు ఇరువది గజముల దూరమున కూర్చుండును. కెమెరా కన్ను మూడు గజములలో నిలిచి గడ్డపు నీడను సయితము పట్టి చూపును. మైకు గొంతులోని జీరను పట్టుకొనును. కనుక రెడ్డిగారు వెదకి వెదకి సురభివారి వద్దకు రావలసివచ్చెను. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు, సింధూరి కృష్ణారావు అను బాలుడు ప్రహ్లాదుడు, కమలాబాయి లీలావతి. గురుకులమున మందమతియైన శిష్యుడుగా ఒక చిన్న వేషము వేసిన యువకుడు తరువాత ఎల్. వి. ప్రసాదుగా దేశమంతట ప్రసిద్ధుడయ్యెను. పాటలు చందాల కేశవదాసుగారివి.

మదరాసునుండి బొంబాయికి పోవు పెద్ద రైలుమార్గము గుంతకల్లు మీదుగా మన ఆదవానిని తాకి రాయచూరునకు పోవును. మన ప్రత్తి దిండ్లు ఎక్కి పోయిన దారి అదియే. సురభివారి యా చిన్న బృందము ఏ రాత్రి బండిలోనో మన స్టేషనుదాటి పోయియుండునని తలచినప్పుడెల్ల నాకు ఒకవిధమైన ముచ్చట కలుగుచుండును. ఫ్లాటుఫారము మీద మజ్జిగ అమ్మువారికి గాని, మూటలు మోయువారికి గాని అందులో ఎవరు పోవుచున్నారో తెలిసియుండదు.

ఆ నాటి చిత్రీకరణ మిగుల కష్టము. ఇప్పటివలె పాటను ముందుగా వేరొకరిచేత పాడించి, తరువాత పెదవి కదపుట లేదు. నటియే పాడవలెను. పాడుచునే నటింపవలెను. వాద్యములవారు కెమెరాకు కనబడకుండ ప్రక్కన నక్కి వాయింతురు. మైకు ఎక్కడ దాచినారో ఆ వైపుననే మెలగవలెను. ఆలం ఆరా తీయునపుడు దగ్గర రైలుమార్గముండుటచే బండ్లు తిరుగని అర్ధరాత్రివేళ చిత్రీకరించిరని ప్రసిద్ధి. పాట చివరలో ఒక దగ్గు వచ్చినను మొదటినుండి పాడవలసినదే. రాత్రంతయు డేరాలో పద్యములు పాడి, తెల్లవారి ప్రయాణము చేసి, మరునాటి రాత్రి మరల పాడిన గొంతునకు గాని ఆ శ్రమ ఓర్వశక్యము గాదు. భక్త ప్రహ్లాదను సుమారు పదునెనిమిది ఇరువది దినములలో, పదునెనిమిది ఇరువది వేల రూపాయలలో ముగించిరని చెప్పుదురు. అంత త్వరగా ముగియుటకు కారణము నటులు నాటకమును అదివరకే కంఠస్థము చేసియుండుటయే యని నా యూహ.

ఆ చిత్రము వెలువడిన దినమును గూర్చి చాలకాలము పొరపాటు నడచెను. 1931 సెప్టెంబరు 15 అని పుస్తకములన్నియు వ్రాసినవి, సభలును ఆ దినముననే జరిపిరి. రెంటాల జయదేవగారను పాత్రికేయుడు పాత పత్రికలు, సెన్సారు దాఖలాలు వెదకి, ఆ చిత్రము బొంబాయిలో 1932 జనవరి 22 న సెన్సారు పొంది, ఫిబ్రవరి 6 న బొంబాయి కృష్ణా థియేటరులో మొదట ప్రదర్శింపబడెనని నిరూపించెను. పది రీళ్లు, 9,762 అడుగులు. ఈ కొలతలు కాగితము మీద నిలిచినవి. ఫిలిము నిలువలేదు. కమలాబాయి లీలావతిగా ఎట్లు నిలిచినదో, కొడుకునకు విషము పెట్టవలసిన ఘట్టమున ఆ తల్లి గొంతు ఎట్లుండెనో వినుటకు నేడు ప్రతి యొక్కటియు దొరకదు.

జపాను పోలిక తెచ్చెదనంటిని. ఆ దేశమునందును మనవంటి కట్టుబాటే యుండెను. 1629 లో అక్కడి ప్రభువులు స్త్రీలు కబుకి యను నాటకరంగమెక్కరాదని శాసించిరి. అప్పటినుండి రెండున్నర శతాబ్దులకు పైగా పురుషులే స్త్రీవేషములు వేసిరి. మన స్థానంవారివంటి మహానటులు వారికిని కలరు. సినిమా వచ్చిన తరువాతను 1920 దాటువరకు చాల చిత్రములలో పురుషులే స్త్రీలుగా నటించిరి. ఆ దేశమున షిమొనొసెకి యను రేవుపట్టణమున 1909 లో తనకా కినుయో అను బాలిక పుట్టెను. మన కమలాబాయికి ఇంచుమించు ఈడు. ఇంటి కష్టములవలన ఒసాకా నగరమునకు చేరి, బాలికల సంగీతనాటకబృందములో బివా యను తంత్రీవాద్యము వాయించుచు, పాడుచు పెరిగినది. 1924 లో షోచికు చిత్రసంస్థలో చేరినది. 1931 లో జపానువారి తొలి సంపూర్ణ శబ్దచిత్రమును గొషో హెయినొసుకె అను దర్శకుడు తీసినప్పుడు అందు గృహిణివేషము ఆమెకు వచ్చినది. ప్రక్కింటి సంగీతపు రొదవలన నాటకము వ్రాయలేక తికమకపడు ఒక రచయిత కథ యది. చూచితిరా, ఆరు నెలల తేడాతో ఆ దేశపు తొలి టాకీలో ఒక సంగీతబృందపు పడుచు, మన తొలి టాకీలో ఒక నాటకసమాజపు పడుచు! రెండు దేశములకును ఒకరి సంగతి ఒకరికి తెలియదు. యంత్రము గొంతు నడిగినది. గొంతును సాధన చేసిన స్త్రీలు రెండు చోట్లను గౌరవపంక్తికి వెలుపలనే యుండిరి.

కమలాబాయి కథకు తిరిగి వత్తము. ఆ 1932 లోనే ఆమె సాగరు ఫిల్ము కంపెనీవారి 'పాదుకా పట్టాభిషేకము', 'శకుంతల' అను రెండు తెలుగు చిత్రములలో నటించెను. రెండవదానిలో ఆమె శకుంతల, యడవల్లి సూర్యనారాయణగారు దుష్యంతుడు. ఆ కంపెనీవారి చిత్రముల కొరకు బొంబాయిలోనే కాపురముండి, హిందీ చిత్రములు పెక్కింటిలో వేషములు వేసెను. డేరాలో పుట్టిన యామె పరభాషను పలికి ఆ మహానగరమున నిలువగలుగుట సామాన్యము గాదు.

1936 వ సంవత్సరమున ఒక వింత జరిగినది. తెలుగున ఇద్దరు ద్రౌపదులు ఒకేసారి తెర మీదికి వచ్చిరి. ఒక చిత్రము 'ద్రౌపదీ వస్త్రాపహరణము'. అందు కన్నాంబ ద్రౌపది, యడవల్లివారు దుర్యోధనుడు, సి. ఎస్. ఆర్. కృష్ణుడు. రెండవది 'ద్రౌపదీ మానసంరక్షణము'. అందు మన కమలాబాయి ద్రౌపది, బందా కనకలింగేశ్వరరావుగారు కృష్ణుడు, దుర్యోధనుడు సాక్షాత్తు బళ్లారి రాఘవ! రాఘవ మొదటినుండియు స్త్రీవేషములను స్త్రీలే ధరింపవలెనని వాదించి, తన నాటకములలో చదువుకొన్న స్త్రీలను రంగమెక్కించినవాడు. సురభివారు బ్రదుకుతెరువుగా చేసినదానిని ఆయన సిద్ధాంతముగా చేసెను. ఆ రెండు దారులును ఈ చిత్రములో కలిసినవి. ఇంతటివారు కలిసిన చిత్రము గెలువక తప్పదని మన బళ్లారివారు పందెములు వేసినారని మా తాత చెప్పెడివాడు.

గెలిచినది కన్నాంబ ద్రౌపది. రెండవ చిత్రము సొమ్ము పోగొట్టుకొన్నది. కారణములు పలువురు పలువిధముల చెప్పుదురు. నా మట్టుకు నాకు తోచునది చెప్పెదను. కన్నాంబ గొంతు ఆ నాటి ప్రజల చెవులలో అప్పుడే హరిశ్చంద్ర చిత్రమువలన నిండియుండెను. సభలో ద్రౌపది పెద్దలను నిలదీసి యడుగు ఘట్టమున వాక్కే యాయుధము. ఆ వాక్కు కన్నాంబకు దేవుడిచ్చినది. ఆ పరాజయము కమలాబాయి ప్రతిభ తక్కువయగుటవలన వచ్చినదని మాత్రము ఒప్పుకొనను. అయినను సినిమా లోకమున ఓడినవారిని కారణమడుగరు. రాఘవకు వకీలు వృత్తి కలదు, నాటకరంగము కలదు. ఆయన మరి రెండు చిత్రములలో నటించి, సినిమాపై మమకారము లేకయే 1946 లో కన్నుమూసెను. కమలాబాయికి ఉన్నది గొంతు ఒక్కటే. ఆ తరువాత తెలుగు తెర మీద నాయికలుగా కొత్తవారు వచ్చిరి. కాంచనమాల వచ్చినది, భానుమతి వచ్చినది.

పదునైదేండ్లు గడచినవి. విజయావారు పాతాళభైరవి తీయదలచిరి. నిర్మాత నాగిరెడ్డిగారు కడప జిల్లావారు, దర్శకుడు కె. వి. రెడ్డిగారు తాడిపత్రివారు.  తోటరాముని తల్లి వేషమునకు సురభి కమలాబాయిని పిలిచిరి. నలుబది దాటిన యామె నెరసిన తల వేషము ధరించి, ఇరువదియేడేండ్ల నందమూరి రామారావుగారికి తల్లియైనది. 1952 లో బొంబాయిలో మొదలైన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ చిత్రమును ప్రదర్శించిరి. తొలి టాకీ పుట్టిన ఆ నగరమునకు ఆమె ముఖము మరల ఇట్లు చేరినది.

జపానునందలి తనకాకు సరిగా ఇట్టి దినమే వచ్చినది. 1949 లో ఆమె అమెరికాకు పోయి, మరుసటి సంవత్సరమాదిని పరదేశపు దుస్తులతో తిరిగి వచ్చెనని స్వదేశపు పత్రికలు ఆమెను నానా మాటలనెను. నాయిక వయసు మీరినదనియు వ్రాసిరి. మన మా అవ్వ మాటలే వేరొక భాషలో! అయినను 1952 లో మిజొగుచి తీసిన ఒహారు కథలో, రాచనగరునుండి వీథిపాలైన స్త్రీగా నటించి ఆ నోళ్లు మూయించినది. 1953 లో స్వయముగా దర్శకురాలై చిత్రము తీసినది. మన భానుమతి 'చండీరాణి'కి దర్శకత్వము వహించినదియు ఆ సంవత్సరముననే. 1958 లో తనకా ముసలితల్లి వేషము వేసినది. కరవు సీమలో, వయసు మీరినవారిని కొడుకులే కొండమీద విడిచివచ్చు ఆచారము గల ఊరికథ యది. ఆ వేషమునకై ఆమె తన పండ్లను ఊడబెరికించుకొన్నదని చెప్పుదురు. 1975 లో బెర్లిను చిత్రోత్సవము ఆమెకు ఉత్తమనటి బహుమతి నిచ్చినది. 1977 లో చనిపోయినది. ఆమె పుట్టిన షిమొనొసెకిలో నేడు ఆమె పేర ఒక స్మారకభవనమున్నది. 1931 నాటి యా తొలి టాకీ నేటికిని చూడ దొరకును.

కమలాబాయి 1971 లో మరణించినది. స్థానం నరసింహారావుగారును ఆ సంవత్సరముననే పోయిరి. చీర కట్టిన మహాపురుషుడును, ఆ చీరను తిరిగి స్త్రీకి తెచ్చిన తొలి టాకీ నాయికయు ఒకే యేట వెడలిపోవుట యాదృచ్ఛికమే గాని, వ్రాయకుండ నుండలేకపోతిని.

ఈ ప్రసంగమును సిద్ధము చేసికొని, ముందుగా మా చిన్నమ్మకు చదివి వినిపించితిని. ఆమె ఇప్పుడు ఎనుబది దాటినది. వాకిటి పాట సంగతి రాగానే నవ్వి, "ఇంకా గుర్తు పెట్టుకున్నావా అబ్బీ!" అన్నది. అంతయు విని, "ఆయమ్మ పాట వినేదానికి ఎక్కడన్నా దొరుకుతుందా?" అని యడిగినది. ప్రహ్లాద దొరకదని చెప్పితిని. పాతాళభైరవి దొరకును గదా అని మా మనుమడు తన చేతి ఫోనులో ఆ చిత్రమును పెట్టి యిచ్చెను. ఆమె అద్దాలు సవరించుకొని, మాంత్రికుడు వచ్చినను రాకుమారి వచ్చినను పలుకక చూచుచుండెను. తల్లి తెర మీదికి వచ్చినప్పుడు మాత్రము, "శబ్దం కొంచెం పెంచు నాయనా" అని ఫోనును చెవి దగ్గరకు తీసికొన్నది.